లషోన్ హక్కోదెష్: యూదుల పరిశుద్ధ భాష

బైబిలునందు 119వ కీర్తనను తెఱచి చూచిన విద్యార్థికి ప్రతి యెనిమిది వచనములకు ముందు ఒక వింతపదము కన్పట్టును. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని యారంభమై యా పదములు కీర్తన ముగియువఱకు సాగును. ఇవి రాగముల పేర్లు కావు, రాజుల పేర్లును కావు. హెబ్రీ భాషయందలి యిరువదిరెండు అక్షరముల పేర్లు. ఆ కీర్తనలో 22 భాగములు, భాగమునకు 8 వచనములు, వెరసి 176 వచనములు గలవు. మూలమునందు మొదటి భాగములోని యెనిమిది వచనములును ఆలెఫుతోను, రెండవ భాగములోనివి బేతుతోను, అట్లే కడపటి యక్షరమువఱకు ఆరంభమగును. తెలుగున ఆ యల్లికను నిలుపుట సాధ్యము కాదు గావున మన యనువాదకులు అక్షరముల పేర్లను మాత్రము శీర్షికలుగ నుంచిరి. దైవస్తోత్రమును అక్షరమాలతో అల్లిన యా జనులకు తమ భాషయెడ ఎట్టి భావముండెనో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

యూదులు హెబ్రీని "లషోన్ హక్కోదెష్" అందురు. లషోన్ అనగా నాలుక, భాష. కోదెష్ అనగా పరిశుద్ధత. సామాన్యమైన వానినుండి వేఱుపఱచి యుంచుట యని దాని భావము. ఈ పేరు వినగానే మనకు రెండు ప్రశ్నలు కలుగును. ఒక భాష పరిశుద్ధమగుట యెట్లు? పరిశుద్ధమైన భాష యెవరిది? మొదటి ప్రశ్నను పండితులు పెక్కుమారులు చర్చించిరి. రెండవది మన దేశమువారు మఱింత శ్రద్ధతో నాలోచింపవలసిన ప్రశ్న.

పేరు పుట్టిన విధము

హెబ్రీ భాష పుట్టుకతో ప్రత్యేకమైనది కాదు. కనాను దేశమునందును దాని పొరుగునను ఉండిన జనులు ఇంచుమించు ఆ భాషనే మాటలాడిరి. మోయాబు రాజగు మేషా క్రీస్తు పూర్వము తొమ్మిదవ శతాబ్దమున చెక్కించిన శిలాశాసనము 1868లో దొరకెను; దాని భాష హెబ్రీకి మిక్కిలి చేరువ. పాత నిబంధనయు తన భాషను ఎచ్చటను పరిశుద్ధ భాష యని పిలువలేదు. యెషయా గ్రంథము 19వ అధ్యాయమున అది కనాను భాష. రెండవ రాజుల గ్రంథము 18వ అధ్యాయమున అది యూదుల భాష. అంతమాత్రమే.

బబులోనువారు యెరూషలేమును పాడుచేసి ప్రజలను చెఱగొనిపోయిన పిమ్మట అరామిక్ భాష క్రమముగ వారి యిండ్లలోనికిని అంగళ్లలోనికిని వచ్చెను. చెఱనుండి తిరిగివచ్చినవారి బిడ్డలలో కొందఱు యూదుల భాష యెఱుగకుండిరని నెహెమ్యా కోపించి వగచినట్లు ఆయన గ్రంథము 13వ అధ్యాయము తెలుపుచున్నది. పిమ్మట క్రీస్తు శకము 200 ప్రాంతమున సమకూర్పబడిన మిష్నా యను ధర్మగ్రంథమునందు "పరిశుద్ధ భాష" యను పేరు స్థిరపడి కన్పట్టును. అందఱును మాటలాడుచున్నంతకాలము అది భాష మాత్రమే. నాలుకలనుండి జాఱిపోవు కాలమున అది నిక్షేపమయ్యెను.

పండితులు చెప్పిన హేతువులు

దేవుడు పలుకగా సృష్టి కలిగెనని ఆదికాండము బోధించును. అట్లయిన ఆ పలుకు ఏ భాషలోనిది? హెబ్రీలోనిదే యని రబ్బీలు వాదించి, ఒక చక్కని నిదర్శనమును చూపిరి. ఆ భాషలో పురుషుడు "ఈష్", స్త్రీ "ఇష్షా". పురుషునినుండి తీయబడినందున స్త్రీకి ఆ పేరు కలిగెనను వాక్యము ఈ రెండు పదముల పోలికమీద నిలిచియున్నది. గ్రీకున గాని అరామిక్కున గాని అట్టి జంట లేదు గావున లోకము హెబ్రీతోనే సృజింపబడెనని వారి తీర్పు. మన తెలుగు బైబిలును తెఱచి ఆదికాండము 2వ అధ్యాయము 23వ వచనమును చూడుడు. అనువాదకులు "నరుడు", "నారి" యను జంటను వాడిరి. రబ్బీలు మఱి యే భాషకును లేదనుకొనిన యందము సంస్కృతముద్వారా మన భాషకును దక్కినది! వాదము దీనిచే కొంత సడలినను, ఆ పండితులు పదములను ఎంత దగ్గఱగ పరికించిరో తెలియుచున్నది.

తోరా యేల మొదటి యక్షరమగు ఆలెఫుతో గాక రెండవదగు బేతుతో ఆరంభమయ్యెనని వారు మఱియొక ప్రశ్న వేసికొనిరి. బేత్ అక్షరము మూడు వైపుల మూసికొని, చదువు సాగు వైపున మాత్రము తెఱచియుండును. సృష్టికి మునుపేమి, మీద నేమి, క్రింద నేమి యని వృథాగ తర్కింపక, ముందున్న దానిని చదువుమని ఆ యాకారము బోధించుచున్నదట. "సేఫెర్ యెట్సీరా" యను చిన్న పురాతన గ్రంథము ఇంకను ముందుకు పోయి, యిరువదిరెండు అక్షరములే సృష్టికి కట్టడపు రాళ్లని చెప్పెను.

మధ్యయుగములందు ఇద్దఱు మహాపండితులు ఈ విషయమున భిన్నాభిప్రాయులైరి. మైమోనిడీసు (1138–1204) తర్కప్రియుడు, వైద్యుడు. ఈ భాషలో సిగ్గుపడదగిన యంగములకును క్రియలకును ముక్కుసూటి పేర్లు లేవనియు, మర్యాదగల మాఱుపేర్లు మాత్రమే కలవనియు, అందుచేతనే అది పరిశుద్ధమనియు ఆయన వ్రాసెను. నహ్మానిడీసు (1194–1270) దీనికి సమ్మతింపలేదు. దేవుడు ప్రవక్తలతోను తన ప్రజలతోను ఈ భాషలో మాటలాడెను గావుననే అది పరిశుద్ధమని ఆయన మతము. ఒకరికి భాషయొక్క శీలము ముఖ్యము. మఱియొకరికి దానిని పలికినవాడు ముఖ్యము. ఇద్దఱిలో ఎవరును ధ్వనులయందే మంత్రశక్తి కలదని చెప్పి యూరకుండలేదు.

అక్షరముల కాపుదల

పరిశుద్ధమని నోట చెప్పుట సులభము. యూదులు దానిని చేతులతో చూపిరి. తోరా గ్రంథపు చుట్టలో 3,04,805 అక్షరములు గలవు. శుద్ధజంతువుల చర్మముమీద, సిరాతో, ప్రత్యేకశిక్షణ పొందిన లేఖకుడు వానిని ఒక్కొక్కటిగ వ్రాయును. ఒక్క యక్షరము తప్పినను, చెఱిగినను, దానిని సరిదిద్దువఱకు ఆ చుట్ట ఆరాధనలో చదువుటకు పనికిరాదు. మత్తయి సువార్త 5వ అధ్యాయమున ప్రభువు ధర్మశాస్త్రములోని అల్పాక్షరమును గూర్చి చెప్పిన మాటకు వెనుక ఈ శ్రద్ధయే యున్నది. మన యనువాదకులు అక్కడ "పొల్లు", "సున్న" యను మన లిపిలోని అల్పచిహ్నములను వాడుట యెంతయు సముచితము.

హెబ్రీ కుడినుండి యెడమకు వ్రాయబడును. అక్షరములన్నియు హల్లులు. తెలుగున గుణింతములు లేక కకారమును లకారమును మాత్రము వ్రాసినచో చదువరి కల యనుకొనునో, కాలు, కీలు, కూలి, కోల యనుకొనునో ఊహించుకొనుడు. పూర్వము యూదులు ఇట్టి వ్రాతను గురుముఖమున విన్న పాఠముచే చదివిరి. వినికిడి నశించునను భయముచే మసోరెతులను పండితులు అక్షరములకు క్రిందను మీదను చుక్కలు, గీతలు పెట్టి అచ్చులను గుర్తించిరి. గలిలయ సముద్రతీరమునందలి తిబెరియలో పదవ శతాబ్దమునాటికి ఈ పని పరిపూర్ణమయ్యెను. 1008వ సంవత్సరమున వ్రాయబడిన యొక సంపూర్ణప్రతి నేటికిని నిలిచియున్నది. వా రక్షరములను మార్చలేదు. చుట్టు చుక్కలు మాత్రము పెట్టిరి. ఆరాధనలో చదువు చుట్టయం దిప్పటికిని చుక్కలుండవు.

ఈ గుణింతముల విలువ తెలియుటకు విద్యార్థులు ఒక పరిశోధన చేయవచ్చును. ఆదికాండము 47వ అధ్యాయపు కడపటి వచనమున యాకోబు మంచపు తలగడవైపున వంగి నమస్కరించెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము 21వ వచనమున చేతికఱ్ఱ కొనమీద వంగి నమస్కరించెను. ఏది నిజము? హెబ్రీలో రెంటికిని హల్లులు అవియే. "మిత్తా" యని చదివిన మంచము. "మత్తే" యని చదివిన కఱ్ఱ. మసోరెతులు మంచమని చదివిరి. గ్రీకు అనువాదకులు కఱ్ఱ యని చదివిరి. పత్రిక గ్రీకును అనుసరించెను.

దైవనామమును గూర్చిన భక్తి మఱియు గొప్పది. యోద్, హే, వావ్, హే యను నాలుగక్షరముల యా నామమును యూదులు నోట పలుకరు. అది వచ్చినచోట ప్రభువు అను నర్థముగల "అదోనాయ్" అని చదువుదురు. మాటల సందర్భమున "హషేమ్", అనగా "ఆ నామము", అందురు. చదువరికి గుర్తుగా మసోరెతులు ఆ నాలుగు హల్లులకు అదోనాయ్ అను పదములోని అచ్చులను చేర్చిరి. ఈ యేర్పాటు నెఱుగని క్రైస్తవ పండితులు రెంటిని కలిపి చదువగా మన బైబిలునందలి "యెహోవా" యను రూపము కలిగెను. మన పల్లెలయందు పూర్వము భార్య భర్త పేరు నోట చెప్పకుండుట యెఱుగనివారు లేరు. పలుకకుండుట మఱచుట కాదు. గౌరవమునకు మౌనమొక గుఱుతు.

దైవనామము వ్రాసిన కాగితమును చించరాదు, కాల్చరాదు. చినిగిన గ్రంథములను "గెనీజా" యను గదిలో దాచి, పిమ్మట భూస్థాపన చేయుట వారి యాచారము. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నుల కద్దుకొను మన పిల్లలకు ఈ భావము క్రొత్త కాదు. కైరో నగరపు పాతభాగమునందలి బెన్ ఎజ్రా సమాజమందిరములో దైవనామము లేని సామాన్యపు కాగితములు సైతము శతాబ్దములకొలది పోగుపడెను. సాలమన్ షెక్టర్ అను పండితుడు 1896–97లో అక్కడికి పోయి దాదాపు రెండు లక్షల తునకలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చేర్చెను. వానిలో ప్రార్థనలేగాక, పెండ్లి యొడంబడికలు, అంగడి లెక్కలు, పండ్రెండవ శతాబ్దమున మన పడమటి తీరమునందలి మంగళూరులో నివసించిన అబ్రాహాము బెన్ యీజూ యను వర్తకుని యుత్తరములును దొరకినవి. ఆ యుత్తరములు పెక్కు అరబ్బీ భాషలో, హెబ్రీ అక్షరములతో వ్రాయబడినవి. అక్షరములయెడ గల భక్తి ఒక కాలపు బ్రదుకునంతయు చెదలపాలు కాకుండ కాపాడినది.

వినుట యనగా తెలియుట

ఇంత కాపుదల చేసినవారు గ్రంథమును మూసి పూజింపలేదు. ఇచ్చటనే మనము ముఖ్యముగ గమనింపవలసినది కలదు. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయమున ఎజ్రా ప్రజలకు ధర్మశాస్త్రమును చదువగా, లేవీయులు దాని భావమును తెలియజెప్పిరి. ఆ పద్ధతి సమాజమందిరములయందు స్థిరపడెను. ఒకడు హెబ్రీలో ఒక వచనము చదువును. ప్రక్కనున్న వేఱొకడు వెంటనే అరామిక్కున చెప్పును. అనువాదకుడు చుట్టలోనికి చూడరాదు. అతని మాట మూలమని యెవరును భ్రమపడకూడదు గదా. మూలమునకు దాని గౌరవము, వినువానికి వాని హక్కు, రెండును దక్కినవి.

ఏ మాటలు పరిశుద్ధ భాషలోనే పలుకవలెనో, ఏవి ఏ భాషలోనైనను పలుకవచ్చునో మిష్నాలో ఒక పట్టిక గలదు. యాజకుల యాశీర్వాదము మొదలగునవి హెబ్రీలోనే. నిత్యప్రార్థన, భోజనానంతర స్తుతి, "షెమా" యను విశ్వాసప్రకటన ఏ భాషలోనైనను చెల్లును. షెమా అనగా వినుమని యర్థము. రబ్బీ యూదా హెబ్రీయే కావలెననెను. తక్కిన పండితులు, వినుట యనగా తెలిసికొనుట గావున నీవు తెలిసికొను ఏ భాషయైనను సరిపోవుననిరి. వారి మాటయే నిలిచెను.

తల్ముదునందు మఱియొక సంభాషణ కలదు. అరామిక్కున తన యక్కఱలను వేడుకొనువానికి దేవదూతలు తోడ్పడరు, ఆ భాష వారికి తెలియదు గనుక, అని రబ్బీ యోహానాను చెప్పెను. అట్లయిన రోగులయొద్ద పండితులు అరామిక్కున ప్రార్థించిరే యని ప్రశ్న వచ్చెను. దానికి సమాధానము: రోగి విషయము వేఱు, దైవసాన్నిధ్యము అతని పడకయొద్దనే యుండును. అనగా దూతల సాయ మక్కడ అక్కఱలేదు. పరిశుద్ధ భాషయెడ నెంత గౌరవమున్నను, బాధపడువాని మాటకు అడ్డుగోడ కారాదని ఆ పండితులు ఎఱింగిరి.

అంగడికి వచ్చిన భాష

దాదాపు పదునేడు శతాబ్దములు హెబ్రీ ఎవరికిని తల్లిభాష కాకుండెను. యూదులు ఇండ్లలో యిద్దిష్, లదీనో, అరబ్బీ మొదలగు భాషలు మాటలాడుచు, ప్రార్థనకును శాస్త్రమునకును హెబ్రీని ఉంచుకొనిరి. ఎలియేజెర్ బెన్ యెహూదా (1858–1922) అను నతడు 1881లో పాలస్తీనాకు వచ్చి, తన యింట హెబ్రీ తప్ప వేఱు మాట వినబడరాదని నియమించెను. 1882లో పుట్టిన అతని కుమారుడు నవీనకాలమున హెబ్రీ తల్లిభాషగా పెరిగిన మొదటి బిడ్డ యని చెప్పుదురు. యెరూషలేమునందలి ఛాందసులు అతనిని బహిష్కరించిరి. ప్రార్థనలో పలుకు మాటతో ఉల్లిగడ్డ బేరమాడుట వారికి అపచారముగ తోచెను.

వారి భయమునకు హేతువు లేకపోలేదు. యెహెజ్కేలు దర్శనమున అగ్నిమధ్యమున ప్రకాశించిన వస్తువునకు "హష్మల్" అని పేరు. ఒక బాలుడు దాని మర్మమును గ్రహింపగానే అగ్ని వెడలి అతనిని దహించెనని తల్ముదు చెప్పును. నేడు ఇశ్రాయేలులో హష్మల్ అనగా విద్యుచ్ఛక్తి; నెలనెలకు రుసుము చెల్లించు వస్తువు! అయినను ఆ భాష నశింపలేదు. 1922లో పాలస్తీనా యధికారభాషలలో నొకటయ్యెను. 1948లో ఇశ్రాయేలు రాజ్యమునకు భాష యయ్యెను. పాఠశాలకు పోవు పసివాడు యెషయా ప్రవక్త పలుకులను చదివి చాల భాగము గ్రహింపగలుగుచున్నాడు. నేటికిని కొన్ని భక్తసమాజములవారు ఇంట యిద్దిష్ మాటలాడుచు హెబ్రీని ప్రార్థనకే యుంచుకొనుచున్నారు. ఇరువురును ఆ భాషను ప్రేమించినవారే.

పరిశుద్ధ భాష యెవరిది?

ఇక రెండవ ప్రశ్న. మన అచ్చంపేటలో తెలుగు, ఉర్దూ, లంబాడీ మాటలు ఒక్క సంతలోనే వినవచ్చును. సమీపమునందలి ఉమామహేశ్వర క్షేత్రమున సంస్కృతమంత్రములు, మసీదున అరబ్బీ ఖురాను, దేవాలయమున తెలుగు కీర్తనలు వినబడును. ఆ తెలుగు కీర్తనలలోను హల్లెలూయ, హోసన్న, ఆమేన్ అను హెబ్రీ మాటలు మనకు తెలియకయే నోట నిలిచినవి. ఇన్ని పవిత్రధ్వనుల నడుమ పెరుగు విద్యార్థి, పవిత్రభాష తనదియగునా యని యడుగుట న్యాయము.

మన దేశమున దీనికి వచ్చిన యుత్తరము కఠినమైనది. శూద్రుడు వేదమును వినరాదని ధర్మసూత్రములు శాసించినవి. ఊరి వెలుపలి వాడలవారి మాట చెప్పనక్కఱలేదు. పవిత్రమును కాపాడుట యనగా చెవులను మూయుట యని తలంచిరి. దీనిని మనవారందఱు అంగీకరింపలేదు. పాల్కురికి సోమనాథుడు జాను తెనుగును శివభక్తికి తగిన భాషగా నెంచి, మన నల్లమలయందలి శ్రీశైలమును పండితారాధ్య చరిత్రమున తెలుగుననే వర్ణించెను.

యూదుల ధర్మమందు బిడ్డకు మాటలు రాగానే తండ్రి వానితో పరిశుద్ధ భాషలో మాటలాడి తోరాను నేర్పవలెను. యెహోషువ బెన్ గమ్లా యను ప్రధానయాజకుడు ఊరూరను బాలురకు ఉపాధ్యాయులను నియమించెనని తల్ముదు స్మరించుచున్నది. మధ్యయుగములందు జర్మనీదేశపు యూదులు పలకమీది అక్షరములపై తేనె పూసి క్రొత్త విద్యార్థిచే నాకించిరి. మనము బియ్యము పఱచి ఓనమాలు దిద్దించినట్లే ఆ వేడుక. కాని అక్కడ కూలివాని కొడుకును ఆ తేనెకు హక్కుదారుడు. అయితే వారి యాచారమునను లోపము కలదు. బాలికలకు ఈ విద్య బహుకాలము అందలేదు. తల్లులు యిద్దిష్ ప్రార్థనలతో తృప్తిపడవలసివచ్చెను. 1917లో సారా షెనీరెర్ అను కుట్టుపనిచేయు స్త్రీ క్రాకో నగరమున బాలికలకు పాఠశాల తెఱచినది మొదలు ఆ తలుపు తెఱచుకొనసాగెను.

తెలుగుగడ్డమీదనే దీనికొక నిదర్శనము కలదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమున బెనె ఎఫ్రాయీమ్ అను చిన్న సమాజము కలదు. వారు తెలుగువారు, మాదిగకులమున పుట్టినవారు. వారిలో పెక్కురి కుటుంబములు పూర్వము క్రైస్తవసంఘములలో నుండినవి. తాము ఎఫ్రాయీము గోత్రపువారమని చెప్పుకొనుచు 1991లో వారొక సమాజమందిరమును స్థాపించిరి. వారిని గూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పండితులు 2013లో ఒక గ్రంథమును ప్రకటించిరి. వారిలో కొందఱు తెలుగునకును హెబ్రీకిని బంధుత్వము కలదందురు. భాషాశాస్త్రజ్ఞులు తెలుగును ద్రావిడకుటుంబమునను హెబ్రీని సెమిటిక్ కుటుంబమునను చేర్చుదురు గావున ఆ మాటను మేము అంగీకరింపజాలము. వంశమును గూర్చి తీర్పు చెప్పుట మా పని కాదు. కాని, పవిత్రాక్షరములను వినుటకే తగరని యెవరిని దూరముంచిరో, ఆ కులమువారి బిడ్డలు ఆలెఫ్, బేత్ అని యక్షరములు దిద్దుచున్నారన్న సంగతి సామాన్యమైనది కాదు. ఒక భాష పరిశుద్ధమని నమ్మి, దానిని నేర్చుకొనుటకు తమకును హక్కు కలదని వారు గ్రహించిరి.

కావున మేము గ్రహించిన దేమనగా, భాషకు పరిశుద్ధత పుట్టుకచే రాలేదు. కాపాడిన చేతులచేతను, తెలిసికొనగోరిన చెవులచేతను వచ్చినది. ఒక్క యక్షరమును పోనీయని లేఖకుడును, ప్రక్కన నిలిచి ప్రతివచనమును ప్రజల భాషలో చెప్పిన యనువాదకుడును ఒక్క కార్యమునే చేసిరి. వీరిలో నొకడు లేక రెండవవాడు నిలువడు. మనమును వాక్యమును చదువునప్పుడు తెలియని పదమును దాటిపోక దాని యర్థము విచారింతము. తెలిసినదానిని చదువురాని పొరుగువానికి అతని మాటలలో, అది తెలుగైనను లంబాడీయైనను, చెప్పుదము. అట్లు చేసినప్పుడు మన నోటి భాషయును దైవకార్యమునకు వేఱుపఱుపబడినదగును. కోదెష్ అను మాటకు అదియే గదా యర్థము.